అల్లుడి అల్లిక

డ్రైవింగ్ స్కూల్లో ఆయనకి హారన్ మాస్టారని పేరు. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు పెట్టిన పేరది. ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ, ఆయన గొంతు ఒక్కసారి విన్నవాళ్ళెవరూ ఆ పేరు ఎందుకొచ్చిందని అడగలేదు. నేర్పే కారులో ఆయన కూచునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉండేవి. అవి చాలవన్నట్టు ఆయన నోరు కూడా వాడేవాడు. "క్లచ్చి, క్లచ్చి, క్లచ్చి" అని ఆయన అందుకుంటే పక్క సందులో తమ దారిన తాము పోతున్న బళ్ళు కూడా ఆగి వెనక్కి చూసేవి.

మనిషి చెడ్డవాడు కాదు. ఇంట్లో భార్యని పల్లెత్తు మాట అని ఎరగడు. కాలేజీలో చదివే కూతురు ఏది అడిగినా కాదనడు. కారెక్కితే మాత్రం ఆయన వేరే మనిషి. "రోజూ కొత్తవాళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టి ఊరంతా తిరిగే మనిషికి గొంతు పెరక్కేం చేస్తుంది?" అని భార్య ఆయన్ని వెనకేసుకొచ్చేది.

ఒకరోజు ఒక పళ్ళ డాక్టరు నేర్చుకోవడానికి వచ్చాడు. వంతెన సగం దాటాక కారు ఆపి, తాళం తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నోళ్ళే చూస్తాను. ఇంత నోరు ఎక్కడా చూడలేదు" అన్నాడు. దిగి తలుపు వేసి, మళ్ళీ కిటికీలోంచి వంగి, "మీ మెడ మీద ఆ నరం చూస్తే భయమేస్తోంది. ఒకసారి బీపీ చూపించుకోండి" అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

చూపించుకుంటే నిజంగానే ఉంది. ఆ చూసిన డాక్టరు మాత్రలు రాస్తూ, "ఇంట్లో తీరికగా ఉన్నప్పుడు ఏం చేస్తుంటారు?" అని అడిగాడు.

"కూచుంటాను."

"కూచుని?"

మాస్టారు కాసేపు ఆలోచించాడు. "లేస్తాను" అన్నాడు.

డాక్టరు కలం కింద పెట్టాడు. "చేతులకి ఏదైనా పని పెట్టుకోండి. మొక్కలు పెంచండి, ఫొటోలు తీయండి, ఏదో ఒకటి. పక్కవాడు తప్పు చేయడానికి వీల్లేని పని చూసుకోండి. అది ముఖ్యం."

మొదట మొక్కలతో మొదలుపెట్టాడు. భార్య నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా బాల్కనీలోకి వెళ్ళేది. అక్కడ ఆవిడ కుండీల్లో గులాబీ, పుదీనా, కర్రకి పాకించిన టమాటా ఉండేవి. మాస్టారు వారం తిరక్కుండా నీళ్ళెక్కువ పోసి పుదీనాని ముంచాడు. ఆవిడ మళ్ళీ కొత్త పుదీనా నాటుకుంది. తర్వాత ఆయన చూపు టమాటా తీగ మీద పడింది. కర్ర వదిలేసి అది కమ్మీల వైపు పోతోంది. దాన్ని చేత్తో సర్దుతూ, "ఎడమకి, ఎడమకి తిరగాలి, అటెక్కడికి?" అన్నాడు. ఆయన లెక్కలో అది మామూలు గొంతే. కింద వాటాలో ఉండేవిడ అప్పుడే స్కూటరు వెనక్కి తీస్తోంది. తనకే చెబుతున్నారనుకుని ఎడమకి తిప్పి గోడకి గుద్దింది. భార్య కిందికి వెళ్ళి క్షమాపణ చెప్పి పైకొచ్చి, ఆయన చేతిలోంచి నీళ్ళ డబ్బా తీసేసుకుంది.

"మొక్కలకి స్టీరింగ్ ఉండదండీ. వాటికి తోచినట్టు అవి పోతాయి. వదిలేయండి."

తర్వాత కూతురు పిలిచింది. ఆ పిల్లకి ఫొటోల పిచ్చి. ఎవరో వాడి అమ్మేసిన కెమెరా ఒకటి సంపాదించి, ఇంట్లో నీటి బొట్టు దగ్గర్నుంచి ఇస్త్రీపెట్టె దాకా దేన్నీ వదలకుండా తీసేది. ఆ రోజుల్లో బాల్కనీ కమ్మీ మీద వాలే ఒక చిన్న పిట్ట కోసం కాపు కాస్తోంది. తండ్రిని పక్కన కూచోబెట్టుకుని, "కదలకుండా చూస్తే చాలు నాన్నా, భలే ప్రశాంతంగా ఉంటుంది" అంది. మాస్టారు కదల్లేదు. పిట్ట వచ్చి కమ్మీ చివర, ఫొటోలో పడీపడనట్టు వాలింది. ఆయన ఊరుకోలేకపోయాడు.

"ముందుకి. ఇంకాస్త ముందుకి. చాలు, ఆపు."

పిట్ట ఆగలేదు. మళ్ళీ ఆ బాల్కనీ వైపు రానూ లేదు.

"గుసగుసగానే కదే అన్నాను" అన్నాడు ఆయన.

"నీ గుసగుస ఎదురు మేడ వాళ్ళకి కూడా వినపడింది నాన్నా" అని కూతురు కెమెరా సర్దేసుకుంది.

ఇదంతా కుర్చీలోంచి చూస్తున్నది ఆయన అత్తగారు. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ వార్డులోకి అడుగుపెట్టే ముందు పెద్ద డాక్టర్లు కూడా చెప్పులు తుడుచుకునేవాళ్ళని చెప్పుకుంటారు. రెండు వీధుల అవతల సొంత ఇంట్లో ఉంటూ, సాయంత్రం కాగానే ఊలు సంచీతో కూతురింటికి వచ్చేది. నోరు మాట్లాడుతున్నా చేతులు మాత్రం ఆగేవి కావు. కాన్పుల వార్డులో పుట్టిన పిల్లలకి టోపీలు అల్లి పంపేది.

"ఇలా రండి అల్లుడుగారూ" అని సంచీలోంచి ఇంకో జత సూదులు తీసింది. "అల్లుడన్నాక అల్లడం రాకపోతే ఎలా?"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వుతూనే వెళ్ళి పక్కన కూచున్నాడు. ఆవిడది ఎడమచేతి వాటం. ఆయనది కుడి. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆవిడ చేతులు ఎటు తిరిగితే ఈయనా అటే తిప్పాడు. సూది గుచ్చు, ఊలు చుట్టు, లాగు, దింపు. మొదటి వరస ముళ్ళకంపలా వచ్చింది. రెండోది కాస్త నయం. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఆయన వరస మీద వరస అల్లుకుంటూ పోయాడు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండేసరికి కరెంటు పోయిందేమోనని భార్య వంటింట్లోంచి తొంగి చూసింది.

వారం గడిచేసరికి చేతికి పని బాగా అలవాటైంది. మెడ మీద నరం అణిగింది. బూడిద రంగు మఫ్లరు ఒకటి మోకాళ్ళ దాకా జారింది.

"ఇక ముగించేద్దామా?" అని అడిగాడు.

"తొందరేముంది, చేయి ఇంకాస్త తిరగనివ్వండి" అంది అత్తగారు. "ఈలోగా మీరు నాకో సాయం చేయాలి. కారు నేర్పాలి."

మామగారు పోయాక ఆయన చిన్న కారు షెడ్డులోనే ఉండిపోయింది. బతికున్నన్నాళ్ళూ ఆయన దాన్ని భార్యని తాకనిచ్చింది లేదు. ఇప్పుడు ఆవిడ దాన్ని వారం వారం కడిగి, తుడిచి, తలుపు వేసి వచ్చేది. కడగడానికేనా తన బతుకు అని ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది.

ముందు స్కూలు కారులో నేర్పుతానని మాస్టారు సంతోషంగా ఒప్పుకున్నాడు. భార్య మాత్రం ఒక్క మాట అడిగింది. "అమ్మ మీద అరవకుండా ఉండగలరా?"

"మీ అమ్మ మీద నేనెందుకు అరుస్తానే?"

మొదటి రెండు మూడు రోజులు నిజంగానే అరవలేదు. "అత్తయ్యగారూ, క్లచ్చి నొక్కండి. అత్తయ్యగారూ, గేరు మార్చండి" అంటూ ఒక్కో మాటనీ గాజు సామానులా అందించాడు. ఆ తర్వాత ఒక ఉదయం, మార్కెట్ మలుపు దగ్గర కూరగాయల లారీ ఒకటి వెనక్కి రావడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని చూసింది. చూస్తూనే ముందుకి పోనిచ్చింది.

"బ్రేకు నొక్కు. నొక్కు, నొక్కమంటుంటే నీక్కాదూ చెప్పేది, చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

మార్కెట్లో బేరాలు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఇద్దరూ తమ తమ బ్రేకులు తొక్కడంతో కారు కూడా ఆగింది. అత్తగారు తొందరపడలేదు. హ్యాండ్ బ్రేకు లాగింది, ఇంజను ఆపింది, తాళం తీసి ఆయన ముందు పెట్టింది. అన్నీ ఆయన నేర్పిన వరసలోనే చేసింది. తర్వాత చేతిసంచీ తీసుకుంది.

"అల్లుడుగారూ, నన్ను నువ్వు అన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు మా నాన్న. ఇంకొకరు మీ మామగారు. ఇద్దరూ పోయారు. ఆ లోటు తీర్చమని నేను మిమ్మల్ని అడగలేదు."

దిగి నడక మొదలుపెట్టింది. మాస్టారు ఆవిడ సీట్లోకి జరిగి, నేర్చుకునేవాళ్ళ బోర్డు తగిలించిన ఆ కారుని ఫుట్‌పాత్ పక్కనే నత్తలా నడుపుతూ, "అత్తయ్యగారూ, ఎక్కండి. మాట తూలింది, ఎక్కండి" అని బతిమాలుతూ వెళ్ళాడు. వెనక బళ్ళన్నీ హారన్లు కొట్టాయి. ఆవిడ తల తిప్పలేదు. ఇంటికెళ్ళి గేటు వేసుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు రావడం మానేసింది.

రెండు రోజులు పోయాక గానీ మాస్టారికి తన అసలు కష్టం తెలిసిరాలేదు. మఫ్లరు కావలసినంత పొడవైంది. ఎలా ముగించాలో ఆయనకి తెలియదు. సూది లాగేస్తే మొత్తం విడిపోతుందని మాత్రం తెలుసు. ఎందుకంటే ఒకసారి లాగి చూశాడు. ఒక సాయంత్రం కష్టమంతా కళ్ళముందే నూడుల్సులా ఊడి ఒళ్ళో పడింది. అదంతా మళ్ళీ ఎక్కించుకుని అల్లుతూ కూచున్నాడు.

"వెళ్ళి అమ్మనడగండి" అంది భార్య. ఆవిడకి ఊలు పని రాదు, రావాలనీ లేదు.

"నేనేమన్నానని వెళ్ళాలి? బ్రేకు నొక్కమన్నాను. అది తప్పా?"

"నొక్కండి అనలేదుగా."

"లారీ మీదికొస్తుంటే 'అండి' కూడా తగిలించాలా?"

"మా అమ్మకైతే తగిలించాలి."

కూతురు జాలిపడి ఫోన్లో వీడియో పెట్టింది. అందులో ఒకామె నవ్వుతూ చెప్పి చెప్పి అల్లిక ముగిస్తోంది. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"ఈమెకి అల్లడం రాదే" అన్నాడు. "అంతా తిరగేసి చేస్తోంది."

ఇంకో వీడియో పెట్టింది. ఇంకో ఆయన. అతనూ తిరగేసే చేస్తున్నాడు. ఇంతమందికి తప్పు నేర్పినవాళ్ళెవరో అని మాస్టారు బాధపడి ఫోను తిరిగిచ్చేశాడు.

మఫ్లరు పెరుగుతూనే ఉంది. ఆపేయవచ్చు కదా అని భార్య అంటే, ఇంజను ఆపకుండా నడిరోడ్డు మీద కారు వదిలేసి రాగలమా అనేవాడు. బూడిద రంగు ఊలు అయిపోయింది. నీలం తెచ్చాడు. అదీ అయిపోతే, కొట్టులో ఎవరూ కొనక మిగిలిపోయిన గులాబీ రంగు కూడా తెచ్చాడు.

"ఎన్ని స్వెట్టర్లు అల్లుతున్నారు సార్?" అని అడిగాడు ఊలు కొట్టతను.

"స్వెట్టరు కాదు, మఫ్లరు."

"ఎన్ని?"

"ఒకటే."

కొట్టతను ఉండలు సంచీలో వేశాడు. "ఎవరికి సార్, జిరాఫీకా?" అన్నాడు.

ఇంట్లో వాళ్ళు దాంతో కాపురం చేయడం అలవాటు చేసుకున్నారు. ఊడ్చేటప్పుడు భార్య దాన్ని చుట్ట చుట్టి కుర్చీ మీద పెట్టి, ఊడ్చాక మళ్ళీ పరిచేది. ఒకనాడు టమాటా కర్ర వాలిపోతుంటే, అందుబాటులో ఉంది కదా అని మఫ్లరు మొదటి కొసతో కమ్మీకి కట్టేసింది. ఆ సాయంత్రం మాస్టారు హాల్లో కూచుని అల్లుతూ అల్లుతూ, సూదులు చేతిలో ఉండగానే కునుకు తీశాడు. మఫ్లరు ఆయన ఒళ్ళోంచి దిగి, బల్ల కోడు చుట్టూ తిరిగి, గడప దాటి, బాల్కనీలోకి వెళ్ళి టమాటా తీగతో కలిసి కర్ర ఎక్కింది. కూతురు నేల మీద బోర్లా పడుకుని, ఆ పొడవంతా వచ్చేలా ఫొటో తీసింది. తను అంతదాకా తీసినవాటిలో అదే మంచి ఫొటో అని ఆ పిల్లకి తీస్తున్నప్పుడే తెలిసిపోయింది. తెల్లారాక అమ్మమ్మకి చూపించడానికి పరుగెత్తింది.

అమ్మమ్మ కళ్ళజోడు జారిపోయేలా నవ్వింది. తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది. అప్పుడు నవ్వు ఆగింది.

"ఇదేంటే, మీ నాన్న సూదులు ఎడమచేతి వాటంగా పట్టుకున్నాడు?"

"నువ్వే కదా నేర్పావు అమ్మమ్మా."

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది, ఫొటో వంక చూసింది. ఎంతోమంది నర్సు పిల్లలకి ఆవిడ అల్లిక నేర్పింది. అందరూ రెండో రోజుకే తమ వాటానికి మార్చుకున్నవాళ్ళే. చెప్పింది చెప్పినట్టు, తిరగామరగా ఉన్నా సరే, పట్టుకుని వేలాడినవాడు ఈయనొక్కడే. ఆవిడకి మనసులో ఎక్కడో మెత్తబడింది. పైకి మాత్రం, "ముగించడం నేర్పకుండా వచ్చేశాను కదూ?" అంది.

"నాన్న అడగడు."

"నేనూ రాను. ఆయన్నే రమ్మను. అది కూడా తెమ్మను."

ఆదివారం ఉదయం మాస్టారు దుప్పట్లు పెట్టుకునే పెద్ద సంచీ భుజాన వేసుకుని అత్తగారింటి గేటు తీశాడు. సంచీలోంచి రెండు సూదులు కొమ్ముల్లా బయటికి పొడుచుకొచ్చాయి. ఆవిడ షెడ్డు ముందు కారు తుడుస్తోంది.

"తప్పయింది అత్తయ్యగారూ" అన్నాడు. దారంతా దీనికి ముందూ వెనకా పెద్ద ఉపన్యాసమే తయారుచేసుకున్నాడు గానీ, నోటికి ఇదొక్కటే వచ్చింది.

ఆవిడ గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. "ఎక్కండి. బజారు చుట్టూ తిరిగొద్దాం. నేను నడుపుతాను."

"స్కూలు కారు తెస్తాను, ఒక్క నిమిషం."

"ఇందులోనే."

"ఇందులో నా వైపు బ్రేకు లేదండీ."

"తెలుసు. మీరు అల్లుకుంటూ కూచోండి. సూదులు కింద పెట్టారంటే అక్కడే దింపేస్తాను."

అలా బయల్దేరారు. ఆవిడ స్టీరింగుని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది. పక్కన మాస్టారు, ఒళ్ళో సంచీ, చేతుల్లో సూదులు. ఆయన కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు లేదని కాలుకి ఎవరూ చెప్పలేదు. మొదటి మలుపులో ఆయన ఊలుని ఎంత బిగించాడంటే రెండో సూది దూరలేదు. కూడలి దాటేటప్పుడు కళ్ళు మూసుకుని అల్లాడు. ఎదురుగా చెత్త బండి వస్తే ఒక వరసలో ఎన్ని కుట్లు జారిపోయాయో చూసుకోనైనా లేదు.

ఎత్తు ఎక్కే రోడ్డు మీద, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది. వెనక బస్సు. దాని వెనక ఊరంతా. హారన్లు మొదలయ్యాయి. కారు మెల్లగా వెనక్కి జారింది. మాస్టారి మెడ మీద నరం లేచింది. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే సూది మీంచి ఒక కుట్టు ఊడింది. దాని వెంబడే కింది కుట్టు, దాని కింది కుట్టు. ఆయన నోరు మూసుకుని వంగి, ఆ జారేదాన్ని సూది కొసతో పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఒక్కో కుట్టే పైకి లాక్కొచ్చాడు. తల ఎత్తి చూసేసరికి సిగ్నల్ వెనకబడిపోయింది. హ్యాండ్ బ్రేకు, క్లచ్చి, గేరు అన్నీ ఆవిడే చూసుకుంది. కారు నెమ్మదిగా ఎత్తు ఎక్కుతోంది.

తను అరవకుండా కూడా ఒక కారు ఎత్తు ఎక్కగలదని ఆయన అంతవరకూ అనుకోలేదు.

"అత్తయ్యగారూ" అన్నాడు చివరికి.

"చెప్పండి."

"ముందు గుంట ఉంది. తమకి వీలైతే కాస్త పక్కకి తీసుకోగలరా?"

ఆవిడ నవ్వాపుకోలేక గుంటలోంచే పోనిచ్చింది.

ఇంటికొచ్చాక వరండాలో కూచోబెట్టి ముగింపు నేర్పింది. చూస్తే ఏమీ లేదు. రెండు కుట్లు అల్లడం, మొదటిదాన్ని రెండోదాని మీంచి దాటించి వదిలేయడం, అంతే. ఇన్నాళ్ళ అవస్థ ఇంత చిన్నదానికా అని ఆయన నోరెళ్ళబెట్టాడు. చివరి కుట్టు సూది దిగాక, ఖాళీ సూదులు పట్టుకుని ఎవరో చుట్టాన్ని రైలెక్కించి వచ్చినవాడిలా కూచున్నాడు.

ఇక ఆ మఫ్లరు ఏ మెడకీ పనికిరాదు. అత్తగారు దాన్ని మడతలు మడతలుగా పక్కపక్కన పరిచి అంచులు కుట్టేస్తే దుప్పటి అయింది. బూడిద, నీలం, గులాబీ చారలు. ఒక్క మూల మాత్రం మూతి ముడుచుకున్నట్టు బిగుసుకుపోయి ఉంటుంది. అది ఆ ఆదివారం బజారు చుట్టూ తిరిగిన భాగం. ఇస్త్రీ చేసినా సాగలేదు.

ఆ తర్వాత మాస్టారు స్కూలు కారులోకి కూడా ఊలు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. యజమాని మొదట ఒప్పుకోలేదు. "చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. కానీ మధ్యలో దిగిపోయేవాళ్ళు తగ్గేసరికి ఆ ఊసెత్తలేదు. బీపీ కొంచెం దిగింది. పూర్తిగా దిగలేదు. ఊలు చిక్కుపడితే ఇప్పటికీ ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. ఊలు ఏమీ అనుకోదు.

అత్తగారు ఒకసారి తప్పి, రెండోసారికి లైసెన్సు తెచ్చుకుంది. తెచ్చుకున్న వారానికే, కుండీలు కావాలన్న కూతుర్నీ, కెమెరా మెడకి తగిలించుకున్న మనవరాల్నీ, అల్లుణ్ణీ ఎక్కించుకుని ఊరి చివర మొక్కలు అమ్మే తోటకి వెళ్ళింది. లోపల రెండు కార్లు పట్టే చోట తన కారుని మధ్యలో ఏటవాలుగా నిలిపి, తృప్తిగా తాళం తీసింది. వాచ్‌మన్ వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మీకు డ్రైవింగ్ ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"మా అల్లుడుగారే" అని ఆవిడ గర్వంగా పక్క సీటు వైపు చూపించింది.

పక్క సీటు ఖాళీగా ఉంది. మాస్టారు అప్పటికే దిగి, గులాబీ మొక్కల వరసల మధ్య, వీళ్ళెవరో తనకి తెలియనట్టు ధరలు అడుగుతున్నాడు. జీవితంలో మొదటిసారి నిజంగా గుసగుసగా.